చోడి (రాగి) అంబలి, మునగాకు, ఐరన్ బిళ్ళ అన్నీ ఇస్తున్నా అమ్మకి రక్తం పట్టటం లేదు. రోజూ వేసుకునే గ్యాస్ బిళ్ళ వల్లేనా?

వంశధార ఒడ్డు (గుణుపురం)

అందరికీ నమస్కారం. అమ్మ గురించి అడగాలని రాస్తున్నాను. వయసు 58. కొన్నాళ్ళుగా నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం, సాయంత్రానికి కాళ్ళు లాగేయటం, తల దువ్వితే దువ్వెన నిండా జుట్టు. ఇంకో కొత్త అలవాటు కూడా వచ్చింది. పచ్చి బియ్యం నములుతోంది. వంటకి బియ్యం కొలిచేటప్పుడు గుప్పెడు తీసి కొంగులో వేసుకుంటుంది, పని చేసుకుంటూ తింటుంది. వద్దంటే నవ్వేసి ఊరుకుంటుంది.

రక్త పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.4, ఎంసీవీ (ఎర్ర కణాల సైజు) 68, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) 7 వచ్చాయి. డాక్టరు గారు ఐరన్ తక్కువ అని బిళ్ళలు రాశారు. రెండు నెలలు మానకుండా వేసి మళ్ళీ చేయిస్తే 8.6. అంతే. నాకు టెన్షన్ అక్కడ మొదలైంది.

తిండిలో అయితే లోటేమీ లేదు. పొద్దున చోడి అంబలి, మధ్యాహ్నం పప్పులో మునగాకో తోటకూరో, సాయంత్రం బెల్లం, వేరుశనగ పప్పులు. చేప, మాంసం మానేసి చాలా కాలమైంది.

రోజు ఎలా గడుస్తుందో చెప్తాను, తప్పెక్కడుందో మీరే చెప్పండి. లేవగానే పరగడుపున గ్యాస్ బిళ్ళ, పాంటోప్రజోల్ 40. నాలుగైదేళ్ళ కిందట కడుపులో మంట అంటే ఒక క్లినిక్‌లో నెల రోజులకి రాసిచ్చారు. నెల తర్వాత ఆపాలని ఎవరూ చెప్పలేదు. కొట్లో పాత స్ట్రిప్ చూపిస్తే ఇచ్చేస్తున్నారు, అలా నడిచిపోతోంది. బిళ్ళ తర్వాత టీ, టీ తర్వాత కాసేపటికి అంబలి. భోజనం కాగానే మళ్ళీ టీ. రాత్రి అన్నం తిన్నాక ఐరన్ బిళ్ళ, కాల్షియం బిళ్ళ రెండూ కలిపి గ్లాసు పాలతో.

పక్కింటి మాస్టారు "ఆ గ్యాస్ బిళ్ళ ఉన్నంతకాలం నువ్వేం పెట్టినా ఒంటికి పట్టదు, ముందు అది ఆపు" అంటున్నారు. మా వదినేమో జుట్టు రాలుతోంది కదా, జింక్ బిళ్ళ కూడా మొదలుపెట్టమంటోంది. ఇద్దరి మాటా వినాలనే ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

మందుల కొట్టు (కాశీనగర్)

అక్కా, ముందు ఒక మాట. గ్యాస్ బిళ్ళ మీ అంతట మీరు ఠక్కున ఆపకండి. ఏళ్ళ తరబడి వాడి ఒక్కసారి మానేస్తే కడుపులో ఆమ్లం మునుపటికంటే ఎక్కువగా పొంగుతుంది. నాలుగు రోజుల్లో మంట భరించలేక రెట్టింపు బిళ్ళలు అడగటానికి వస్తారు. మా కొట్లో ఇది ఎప్పుడూ చూస్తూనే ఉంటాను. తగ్గించాలా, ఆపాలా అన్నది డాక్టరే చెప్పాలి.

మీరు ఈ రోజు నుంచే మార్చగలిగింది రాత్రి పూట సంగతి. ఐరన్, కాల్షియం, పాలు మూడూ ఒక్క గుక్కలో వెళ్తున్నాయి. కాల్షియం ఐరన్‌కి అడ్డం పడుతుంది, పాలల్లోనూ ఉన్నది కాల్షియమే. రెండు బిళ్ళలూ వేర్వేరు పూటలకు మార్చండి. థైరాయిడ్ బిళ్ళ ఉంటే దానికీ ఈ రెండిటికీ నాలుగు గంటల ఎడం ఉండాలి.

స్ట్రిప్ వెనక "ఎంటరిక్ కోటెడ్" అని ఉందేమో చూడండి. ఆ పూత కడుపు దాటాక ఎక్కడో కరుగుతుంది. ఐరన్‌ని బాగా పీల్చుకునే చోటు అప్పటికే వెనకపడిపోతుంది. కడుపులో తిప్పదని చాలామంది అదే అడిగి తీసుకుంటారు.

ఇంకొకటి అడుగుతాను, దాచకుండా చెప్పండి. అమ్మగారు మోకాళ్ళ నొప్పులకి ఏమైనా వాడుతున్నారా?

పర్లాకిమిడి టీచరమ్మ

తల్లీ, నేను బరంపురంలో బయోకెమిస్ట్రీ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. నీ ప్రశ్నలో "తిండిలో లోటేమీ లేదు" అన్నచోటే నేను ఆగాను. పళ్ళెంలో ఉన్న ఇనుము వేరు, ఒంట్లోకి చేరే ఇనుము వేరు. నోరు, కడుపు, క్లోమం, కాలేయం, పేగు గోడ అన్నీ కలిపి రోజుకి సుమారు ఏడు లీటర్ల రసాలు ఊరుస్తాయి. తిన్న ఖనిజంలో ఎంత లోపలికి పోవాలి, ఎంత బయటికి పోవాలి అన్నది చాలావరకు ఆ రసాల్లోనే తేలుతుంది. మన ఇళ్ళల్లో కడుపులోని ఆమ్లం అంటే మంట, పుల్లతేన్పు, గ్యాస్, అంతే. అదొక రోగం అన్నట్టు మాట్లాడతాం. అది లేకపోతే ఏమవుతుందో ఎవరూ చెప్పరు.

చోళ్ళ సంగతే చూడు. జాతీయ పోషకాహార సంస్థ 2017 ఆహార పట్టికల్లో నూరు గ్రాముల చోళ్ళలో ఇనుము 4.62 మిల్లీగ్రాములు. కానీ అది గింజలో ఊరికే లేదు. ఫైటేట్ అనే పదార్థం దాన్ని పట్టుకుని ఉంటుంది. పైగా ఆకుకూరలు, గింజలు, పప్పుల్లో ఉండే ఇనుము ఎక్కువగా ఫెర్రిక్ రూపంలో ఉంటుంది. ఆ రూపం గట్టి ఆమ్లంలోనే కరిగి ఉంటుంది. ఆమ్లం పలచబడితే విడిపోయి మడ్డి కడుతుంది.

క్లాసులో దీనికి ఒక ప్రయోగం చేయించేదాన్ని. గాజు గొట్టంలో పలుచని ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణం, అందులో నాలుగు చుక్కల హైడ్రోక్లోరిక్ ఆమ్లం. లేత పసుపు రంగు, వెనక పుస్తకం పెడితే అక్షరాలు చదవొచ్చు, అంత తేట. ఇది కడుపు అనుకోండి అనేదాన్ని. తర్వాత వంటసోడా నీళ్ళు చుక్క చుక్కగా వేయాలి. బుసబుసమని పొంగుతుంది. పొంగు అణిగేసరికి రంగు చిక్కబడి, చూస్తుండగానే తుప్పు రంగు మడ్డి అడుక్కి దిగుతుంది. వెనక అక్షరాలు కనబడవు. ఇది పేగు మొదలు. క్లోమ రసంలో ఉన్నది ఆ సోడాలోని బైకార్బొనేటే. ఇంకో గొట్టంలో సోడా వేసేముందు నిమ్మరసం బాగా పిండాలి. అప్పుడు ఎంత సోడా పోసినా పొంగు వస్తుందే గానీ మడ్డి కట్టదు. పిల్లలు ఆ రెండు గొట్టాలూ పక్కపక్కన పెట్టుకుని చూసేవాళ్ళు, నేను వేరే వివరించాల్సిన పని ఉండేది కాదు.

ఒంట్లో జరిగేదీ ఇదే వరస. తినగానే కడుపు గోడలోని పెరైటల్ కణాలు హైడ్రోక్లోరిక్ ఆమ్లం వదులుతాయి. జఠర రసం పీహెచ్ ఒకటిన్నర, రెండు దాకా దిగుతుంది. పెప్సిన్ అనే ఎంజైము మాంసకృత్తుల్ని విరగ్గొడుతుంది, ఆమ్లం ఇనుమును విడదీసి కరిగిస్తుంది. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. కడుపు తన రసంలోకి విటమిన్ సి కూడా వదులుతుంది. ఆమ్లంలో ఉండగానే ఈ విటమిన్ సి ఇనుమును పట్టుకుని, ఒంటికి తేలిగ్గా పట్టే ఫెర్రస్ రూపంలోకి మారుస్తుంది. అలా పట్టుకున్న ఇనుము తర్వాత క్లోమ రసం తగిలినా మడ్డి కట్టదు.

తర్వాతది ఆంత్రమూలం, అంటే చిన్నపేగు మొదటి జానెడు. ఇనుముకి గుణుపురం ప్యాసింజర్ ఆగే స్టేషన్ లాంటిది అదే. అక్కడ దిగితే దిగినట్టు, దాటిపోతే ముందున్నవన్నీ దాదాపు ఆగని స్టేషన్లే. పేగు గోడ మీద డీసైట్‌బీ అనే ఎంజైము మిగిలిన ఫెర్రిక్‌ను ఫెర్రస్‌గా మారుస్తుంది, డీఎంటీ1 అనే రవాణా ప్రొటీన్ దాన్ని లోపలికి లాగుతుంది. లాగేటప్పుడు హైడ్రోజన్ అయాన్ కూడా జతగా కావాలి. చూశావా, అక్కడ కూడా కడుపు నుంచి దిగిన ఆ కాస్త పులుపే పనికొస్తోంది.

ఇప్పుడు పాంటోప్రజోల్ దగ్గరికి వస్తాను. అది ఆమ్లాన్ని విరగ్గొట్టే మందు కాదు, ఆమ్లం తయారుచేసే పంపులనే మూసేస్తుంది. కొత్త పంపులు తయారవ్వాలంటే ఒక రోజు పైనే పడుతుంది. అందుకని పొద్దున గ్యాస్ బిళ్ళ, రాత్రి ఐరన్ బిళ్ళ అని ఎడం పెట్టినంత మాత్రాన దాని ప్రభావం తప్పదు. అమెరికాలో ఉత్తర కాలిఫోర్నియా రోగుల రికార్డులు చూసి 2017లో ఒక పరిశీలన ప్రచురించారు. ఈ రకం బిళ్ళలు రెండేళ్ళకు పైగా వాడినవాళ్ళలో ఐరన్ లోపం కనబడే అవకాశం దాదాపు రెండున్నర రెట్లు. కాబట్టి మీ మాస్టారి మాటలో నిజముంది. అయితే వాడినవాళ్ళందరికీ రాదు. మాంసాహారం, ఎండు చేపలు తినేవాళ్ళకి కొంత రక్షణ ఉంటుంది, ఎందుకంటే అందులోని హీమ్ ఇనుము వేరే దారిలో, ఆమ్లం మీద అంతగా ఆధారపడకుండా లోపలికి పోతుంది. హీమ్ ఇనుములో 15 నుంచి 35 శాతం దాకా ఒంటికి పడుతుంది. మొక్కల ఇనుములో 2 నుంచి 20 శాతం. ఆ 2కీ 20కీ మధ్య తేడా తెచ్చేవి పక్కన తిన్న నిమ్మకాయ, కడుపులోని ఆమ్లం, తాగిన టీ. మొదటి రెండూ పెంచుతాయి, టీ తగ్గిస్తుంది.

మీ అమ్మగారు మొక్కల ఇనుము మీదే బతుకుతున్నారు, ఆమ్లం మూసి ఉంది, టీ భోజనానికి అంటుకుని ఉంది. మూడూ ఒకే ఇంట్లో కలిశాయి.

విటమిన్ బీ12 కూడా ఒకసారి చూపించు. దాని నడుమ కోబాల్ట్ అనే లోహం ఉంటుంది, మనకి కోబాల్ట్ అవసరమయ్యేది ఆ రూపంలోనే. దాని ప్రయాణంలో రసాల పాత్ర ఇంకా ఎక్కువ. ఆమ్లం, పెప్సిన్ కలిసి తిండిలోంచి విడదీస్తాయి. ఉమ్మిలోంచి వచ్చిన హాప్టోకొరిన్ అనే ప్రొటీన్ అందుకుంటుంది. క్లోమ రసం ఆ పట్టు విడిపిస్తుంది. అప్పుడు కడుపు ఊరించిన ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ పట్టుకుని చిన్నపేగు చివరిదాకా తీసుకెళ్తుంది. మాంసం మానేసి, ఏళ్ళ తరబడి గ్యాస్ బిళ్ళ వేసుకునేవాళ్ళకి అదీ తగ్గొచ్చు.

అన్ని ఖనిజాలకీ ఆమ్లం కావాలని మాత్రం అనుకోకు. ఉప్పులోని అయొడిన్, తిండిలోని సెలీనియం ఎక్కువ భాగం తేలిగ్గానే పీల్చుకుంటాయి. వాటి గురించి బెంగ అక్కర్లేదు.

మందుల కొట్టు అబ్బాయి అడిగిన మోకాళ్ళ మాటకి జవాబు చెప్పు. నేనూ అదే అడగబోతున్నాను.

వంశధార ఒడ్డు (గుణుపురం)

టీచరమ్మా, మీరు చెప్పింది రెండుసార్లు చదివాను, అమ్మకీ చదివి వినిపించాను. అవును, మోకాళ్ళ నొప్పులకి ఒక బిళ్ళ వాడుతోంది. పొలం పనులు ఉన్నప్పుడు రోజూ, లేకపోతే వారంలో మూడు నాలుగు సార్లు. డైక్లోఫెనాక్ అని ఉంది స్ట్రిప్ మీద. డాక్టరు దగ్గర ఆ సంగతి చెప్పలేదు, ఆయన అడగలేదు. అది రక్తానికి సంబంధించిందని మాకు తట్టలేదు.

నిమ్మరసం తాగితే అమ్మకి ఛాతీలో మంట. అదెలా? ఇంకా చోడి అంబలి మానేయాలా? ఫైటేట్ అని విన్నాక అమ్మకి దాని మీద అనుమానం వచ్చింది. పుట్టినప్పటి నుంచీ తాగుతున్న అంబలి.

కొండదిగువ వంటిల్లు (కాశీనగర్ దగ్గర పల్లె)

చోడి మానొద్దమ్మా, మానొద్దు. ఏ పిండితో కాస్తున్నారన్నదే చూసుకోవాలి.

ఇప్పుడు అందరూ మిల్లు పిండి తెచ్చి, వేడి నీళ్ళలో కలిపి, పది నిమిషాల్లో అంబలి దించేస్తున్నారు. మా అత్తగారు అలా చేయనిచ్చేవారు కాదు. ముందు రోజు సాయంత్రమే పిండి నీళ్ళలో కలిపి మట్టి కుండలో పెట్టి, మీద గుడ్డ కప్పేవాళ్ళం. పొద్దున మూత తీస్తే పులిసిన వాసన ముక్కుకి తగలాలి, పైన సన్నని బుడగలు కనబడాలి. అప్పుడే పొయ్యి మీదికి. చలికాలం పులవకపోతే నిన్నటి అంబలి గరిటెడు కలిపేవాళ్ళం. తరవాణి కుండ కూడా ఇలాగే ఎప్పుడూ ఖాళీ అయ్యేది కాదు.

మొలకల పిండి అయితే ఇంకా మంచిది. చోళ్ళు రాయి, ఇసుక లేకుండా గాలించి, రాత్రంతా నానబెట్టాలి. పొద్దున నీళ్ళు వంచేసి తడి నూలు గుడ్డలో మూట కట్టి నీడన వేలాడదీయాలి. గుడ్డ ఆరకుండా నీళ్ళు చిలకరిస్తూ ఉండాలి. మర్నాటికి తెల్లటి మొలక ముక్కు కనబడుతుంది. ఎక్కువ పొడుగు రానివ్వకూడదు, పిండి చేదెక్కుతుంది. తర్వాత పలుచగా ఆరబెట్టి, సన్నని సెగ మీద దోరగా వేయించి, మొలకలు చేత్తో నలిపి చెరిగేసి, విసరాలి. డబ్బాలో పోసుకుంటే చాలా రోజులు వస్తుంది.

నానబెడితే, పులిస్తే, మొలకెత్తితే ఆ ఫైటేట్ తగ్గుతుందని ఇక్కడికి వచ్చిన ట్రైనింగ్ మేడమ్ చెప్పారు. ఒడిశా మిల్లెట్స్ మిషన్ 2017లో మొదలైనప్పటి నుంచి చోళ్ళకి మళ్ళీ గిరాకీ వచ్చింది గానీ పులియబెట్టే ఓపిక మాత్రం అందరికీ రావటం లేదు.

రాయగడ ల్యాబ్

ఈ చర్చ చదివి తమ ఇంట్లోవాళ్ళకి ఐరన్ మొదలుపెట్టేవాళ్ళ కోసం ఒక మాట. హిమోగ్లోబిన్ తక్కువ ఉన్న ప్రతివాళ్ళకీ ఐరన్ తక్కువ కాదు. మన వైపు సికిల్ సెల్ ఉంది, తలసీమియా లక్షణం ఉన్నవాళ్ళూ ఉన్నారు, రెండూ వంశపారంపర్యంగా వచ్చే రక్త సమస్యలే. తలసీమియా లక్షణం ఉన్నవాళ్ళకి కూడా ఎంసీవీ తక్కువే వస్తుంది, స్లైడు మీద కణాలు చిన్నగా, మధ్యలో వెలిసిపోయి కనబడతాయి. ఫెరిటిన్ చూడకుండా తేల్చకూడదు. ఇక్కడ అమ్మగారికి 7 వచ్చింది కాబట్టి ఐరన్ లోపం ఖాయం, అందులో సందేహం లేదు. పెద్దవాళ్ళలో 15 కంటే తక్కువ వస్తే నిల్వలు ఖాళీ అయినట్టే. జ్వరమో, కీళ్ళవాపో, ఏదైనా ఇన్‌ఫెక్షనో ఉన్నప్పుడు మాత్రం ఫెరిటిన్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. అప్పుడు మంచి అంకె వచ్చినా నమ్మేయకండి.

పచ్చి బియ్యం నమలటం గురించి రాశారు చూడండి, అది చాలామంది రిపోర్టు తీసుకోవటానికి వచ్చినప్పుడు మాటల్లో బయటపడుతుంది. కొందరు మట్టిగడ్డ, కొందరు సుద్ద, కొందరు ఐసుముక్కలు. ఐరన్ లోపంలో కనబడే లక్షణమే అది. నిల్వలు నిండితే దానంతట అదే పోతుంది. అమ్మని తిట్టకండి.

పర్లాకిమిడి టీచరమ్మ

డైక్లోఫెనాక్ మాట విన్నాక నా జవాబు వరస మారుతోంది తల్లీ. జాగ్రత్తగా చదువు.

నొప్పి బిళ్ళలు కడుపు లోపలి పొరని కాపాడే జిగురు పదార్థాన్ని తగ్గిస్తాయి. ఆ జిగురు కూడా కడుపు ఊరించే రసమే, ఆమ్లం కడుపునే తినేయకుండా అడ్డం ఉండేది అదే. అది పలచబడితే పుండు పడుతుంది, పుండు నుంచి రక్తం కొద్ది కొద్దిగా కారుతుంది. కంటికి కనబడేంత ఉండదు. నెలల తరబడి పోయే ఆ రక్తంతో ఎంతో ఇనుము వెళ్ళిపోతుంది. నెలసరి ఆగిపోయిన వయసులో ఆడవాళ్ళకి ఐరన్ లోపం వచ్చిందంటే, తిండి గురించి, గ్యాస్ బిళ్ళ గురించి మాట్లాడేముందు రక్తం ఎక్కడైనా పోతోందా అని చూడటం వైద్యంలో మొదటి పని. కడుపులోంచి కావచ్చు, పెద్దపేగులోంచి కావచ్చు. పొలంలో చెప్పుల్లేకుండా నడిచేవాళ్ళకి కొంకిపురుగులు కూడా ఉంటాయి, అవి పేగు గోడని పట్టుకుని రక్తం తాగుతాయి.

పైగా నొప్పి బిళ్ళ వాడుతున్న మనిషికి గ్యాస్ బిళ్ళ ఆపితే ఆ కాస్త రక్షణా పోతుంది. అందుకే మాస్టారి సలహా సగం నిజమైనా ఇప్పుడు పాటించకూడదు. ముందు ఆగాల్సింది డైక్లోఫెనాక్. ఈ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. రెండు స్ట్రిప్పులూ చేతిలో పట్టుకెళ్ళి, ఎన్నేళ్ళుగా, ఎంత తరచుగా అన్నది దాచకుండా చెప్పండి. మలంలో రక్తం పరీక్ష, ఎండోస్కోపీ, పెద్దపేగు పరీక్ష గురించి మీరే అడగండి. మలం తారులా నల్లగా, జిగటగా వస్తే మాత్రం వారం ఆగొద్దు, ఆ రోజే వెళ్ళాలి. ఐరన్ బిళ్ళ వల్ల కూడా మలం నల్లబడుతుంది గనక రెండూ ఒకటే అనుకుని వదిలేస్తారు, అది ప్రమాదం.

హెలికోబాక్టర్ పైలోరీ అనే క్రిమి సంగతీ అడగండి. 1982లో వారెన్, మార్షల్ దాన్ని కనిపెట్టారు, 2005లో వాళ్ళకి నోబెల్ వచ్చింది. ఏళ్ళ తరబడి కడుపులో ఉంటే అది ఆమ్లం ఊరే పొరనే అరగదీస్తుంది, జఠర రసంలో విటమిన్ సి తగ్గిస్తుంది. బిళ్ళలకి లొంగని ఐరన్ లోపంలో ఇది బయటపడి, క్రిమికి మందు వాడాక ఐరన్ పట్టటం మొదలైన రోగులు ఎంతోమంది ఉన్నారు. శ్వాస పరీక్ష, మల పరీక్ష చేసేముందు గ్యాస్ బిళ్ళ రెండు వారాలు ఆపాలి, లేకపోతే క్రిమి ఉన్నా లేనట్టు వస్తుంది. ఆపవచ్చా లేదా అన్నది డాక్టరు చెప్తారు. ఎండోస్కోపీ ఎలాగూ చేస్తుంటే అందులోనే చిన్న ముక్క తీసి చూడొచ్చు.

నిమ్మరసం పడకపోతే బలవంతం వద్దు. దోర జామకాయ ఇవ్వు. నూరు గ్రాముల జామకాయలో విటమిన్ సి రెండు వందల మిల్లీగ్రాముల పైనే ఉంటుంది, చాలామందికి మంట పెట్టదు. భోజనంతోనే తినాలి, సాయంత్రం విడిగా తింటే ఇనుముకి పనికిరాదు. టీని భోజనానికి గంట, గంటన్నర దూరం జరుపు. అంబలికి ముందు తాగే ఆ టీ కూడా.

ఐరన్ బిళ్ళ పది, పదకొండు గంటలకి, అంబలి అరిగాక, ఖాళీ కడుపున జామ ముక్కలతో. బిళ్ళలో ఉన్నది ఫెర్రస్ సల్ఫేట్ అయితే అది ముందే తేలిక రూపంలో ఉన్నట్టు, ఆమ్లం తక్కువైనా తిండిలోని ఇనుముకంటే నయం. కాల్షియం రాత్రికి ఉండనీ. రోజూనా, రోజు విడిచి రోజా అన్నది డాక్టర్ని అడగండి. ఒక మోతాదు ఐరన్ పడగానే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్ పెంచుతుంది, అది మర్నాటి బిళ్ళకి కొంత తలుపు మూస్తుంది. అందుకే ఇప్పుడు కొందరికి రోజు విడిచి రోజు రాస్తున్నారు.

వదిన చెప్పిన జింక్ ఇప్పుడు వద్దు. జుట్టు రాలటానికి ఐరన్ లోపమే కారణం కావచ్చు. జింక్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మంచిదే కదా అని చాలామంది కొనేస్తున్నారు. జింక్ తిండిలోంచి మాత్రమే పేగులోకి రాదు. క్లోమ రసంతో పాటు మన ఒంట్లో ఉన్న జింకే భోజనం చేసిన ప్రతిసారీ పేగులోకి దిగుతుంది, తర్వాత చాలా భాగం మళ్ళీ పీల్చుకోవాలి. ఫైటేట్ ఎక్కువున్న తిండి తింటే తిండిలోని జింక్‌తో పాటు ఆ సొంత జింక్ కూడా దానికి చిక్కి బయటికి పోతుంది. విరేచనాల్లోనూ ఇలాగే పోతుంది. 2004 నుంచి పిల్లల విరేచనాలకి ఓఆర్ఎస్‌తో పాటు పది నుంచి పద్నాలుగు రోజులు జింక్ ఇవ్వమంటున్నారు, ఒక కారణం ఇదే. అంబలి పులియబెట్టమని వంటిల్లు గారు చెప్పింది ఇనుము కోసమే కాదు, జింక్ కోసం కూడా. పులుపులో గింజలోని ఫైటేజ్ అనే ఎంజైము చురుగ్గా పనిచేసి ఫైటేట్‌ని విరగ్గొడుతుంది. మన పేగులో ఆ ఎంజైము చాలినంత లేదు, ఆ పని కుండలోనే కానివ్వాలి.

ఇక జింక్ బిళ్ళలు ఎక్కువ మోతాదులో నెలల తరబడి మింగితే పేగు కణాల్లో మెటలోథయోనిన్ అనే ప్రొటీన్ పెరిగి రాగి లోహాన్ని (కాపర్) అక్కడే పట్టి ఉంచుతుంది. రాగి తగ్గితే ఇనుము కదలదు, మళ్ళీ రక్తహీనతే, అది ఐరన్ బిళ్ళకి తగ్గదు. రాగి ఎక్కువైతే బయటికి పంపే దారి పైత్యరసం, మాంగనీసుకీ అదే దారి. ఇన్ని లెక్కలు ఒంటికి ఉన్నాయి కాబట్టి పరీక్ష లేకుండా ఒకదాని మీద ఒకటి బిళ్ళలు పేర్చొద్దు.

వంశధార ఒడ్డు (గుణుపురం)

డైక్లోఫెనాక్ స్ట్రిప్ తీసి బీరువాలో పెట్టేశాను. శుక్రవారం బరంపురం వెళ్తున్నాం. అమ్మ ఎండోస్కోపీ అంటే భయపడుతోంది గానీ ఒప్పుకుంది. మోకాళ్ళకి ఈ లోపు ఏం చేయాలి? ఐరన్ పనిచేస్తోందో లేదో ఎన్నాళ్ళకి తెలుస్తుంది?

పర్లాకిమిడి టీచరమ్మ

మోకాళ్ళకి వేడి కాపడం, పైన రాసే మందు. మరీ తట్టుకోలేకపోతే పారాసిటమాల్, మోతాదు మించకుండా. కాలేయం జబ్బు ఉంటే అదీ అడగకుండా వద్దు.

ఐరన్ ఒంటికి పడుతుంటే మూడు నాలుగు వారాల్లో హిమోగ్లోబిన్ ఒక పాయింటైనా పెరగాలి. పెరిగి మామూలుకి వచ్చాక ఆపేయొద్దు, నిల్వలు నిండటానికి ఇంకో మూడు నెలలు పడుతుంది. అన్నీ సరిచేసినా నాలుగు వారాలకి కదలిక లేకపోతే సెలైన్‌లో ఐరన్ ఎక్కించే పద్ధతి ఉంది. అది కడుపు, పేగు ఏవీ తాకకుండా నేరుగా రక్తంలోకి పోతుంది. శుక్రవారం ఆ మాట కూడా అడిగి ఉంచు. ఎండోస్కోపీకి ముందు రోజు రాత్రి నుంచి ఏమీ తిననివ్వరు. పెద్దపేగు పరీక్ష కూడా పెడితే ఐరన్ బిళ్ళ కొన్ని రోజుల ముందే ఆపమంటారు, ఎన్ని రోజులో ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి.